బోరు కంటే ముందు తీగ దారి: పొలం కరెంటు ప్లానుకు చిట్కాలు

బోరు పాయింటు కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్ళున్నారు, జియాలజిస్టును పిలిపించేవాళ్ళున్నారు. నీళ్ళు ఎక్కడ పడతాయన్న దాని మీద ఉన్న శ్రద్ధలో పావువంతు కూడా అక్కడికి కరెంటు ఏ దారిన వస్తుందన్న దాని మీద ఉండదు. బోరు పడ్డాక, మోటారు కొన్నాక, పైపులు దించాక అప్పుడు చూస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ మూడు చేల అవతల ఉందని. ఇక చేతికి దొరికిన వైరు, గట్టు మీద పాతిన కర్రలు, చివర ఒక స్టార్టర్ డబ్బా. రెండో వేసవికల్లా వైండింగ్ షాపు దారి అలవాటవుతుంది. కాలిన మోటారును అందరూ తిడతారు గానీ, చాలాసార్లు దాన్ని కాల్చింది దూరం, సన్న వైరు, ఒక్కసారిగా లేచిన పక్క మోటార్లు. వీటిలో చాలావాటిని ముందుగానే సరిచేసుకోవచ్చు.

1. ముందు పొలాన్ని కాగితం మీద గీయండి. నోటుబుక్కు కాగితం చాలు. ట్రాన్స్‌ఫార్మర్, చివరి స్తంభం, బోరు, బావి, పశువుల కొట్టం, రేపెప్పుడో కట్టాలనుకుంటున్న షెడ్డు, అన్నీ గుర్తు పెట్టండి. మధ్య దూరాలు టేపుతో కొలవండి, కంటి అంచనా వద్దు. నేరుగా చూస్తే 150 మీటర్లున్న దూరం గట్ల మలుపులన్నీ తిరిగేసరికి 210 అవుతుంది. అందరూ మరిచిపోయేది ఇంకోటుంది: బోరులోకి దిగే కేబుల్ కూడా దూరమే. మోటారు 300 అడుగుల లోతులో ఉంటే మరో 90 మీటర్లు కలపాలి. వరికోత మిషను, ట్రాక్టరు ట్రాలీ ఏ దారిన వస్తాయో కూడా గీయండి. తీగ ఆ దారిని అడ్డంగా దాటకూడదు, దాటక తప్పకపోతే చాలా ఎత్తులో దాటాలి.

2. లోడు లెక్క రాయండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. మూడు ఫేజుల మోటారుకు రైతులు వాడుకునే తేలిక లెక్క, హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్లు. 3 హెచ్‌పీకి నాలుగున్నర, 5 హెచ్‌పీకి ఏడున్నర, 10 హెచ్‌పీకి పదిహేను. పాత మోటారయినా, చాలాసార్లు రీవైండింగ్ చేయించినదయినా ఇంకాస్త ఎక్కువే లాగుతుంది. బోరు మోటారు, బావి మోటారు, గడ్డి కత్తిరించే యంత్రం, పాలు పితికే మిషను, లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒక వరుసలో రాసి, ఒకే సమయంలో నడిచేవాటికి టిక్కు పెట్టండి. వైరు, స్విచ్చు, ఫ్యూజు ఎంచుకోవాల్సింది ఆ టిక్కుల మొత్తానికి.

3. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయో కనుక్కోండి. ట్యాంకు మీది రేకు పలకపై కేవీఏ రాసి ఉంటుంది. పొలాల్లో ఎక్కువగా కనిపించేవి 16, 25, 63, 100. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోయగలిగింది సుమారు 33 ఆంపియర్లు. ఏడున్నర చొప్పున నాలుగు 5 హెచ్‌పీ మోటార్లయితే 30, సరిపోతుంది. అయిదోది తగిలిస్తే ముప్పై ఏడున్నర. ఆ అయిదోది ఎవరిదని ఊళ్ళో అడిగితే ఎవరూ చెప్పరు, ఎందుకంటే చాలాసార్లు అది కనెక్షనుకు డీడీ కట్టని మోటారు. 63 కేవీఏకి 84 ఆంపియర్లు, 100 కేవీఏకి 133. రికార్డులో 3 హెచ్‌పీ అని రాయించి 5 హెచ్‌పీ దించడం మరో మామూలు వ్యవహారం. విద్యుత్ సంస్థ లెక్కంతా ఆ రికార్డు మీదే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని అడిగితే కాగితం మీద ఉన్నదే చాలినట్టు కనిపిస్తుంది. అదనపు లోడు నమోదు చేయించుకోవడం రైతుకే మేలు.

ఎక్కువ దూరం మామూలు మూడు ఫేజుల తీగలు లాగకుండా 11 కేవీ లైనును పొలాల దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి మన దగ్గర చాలాచోట్ల అమలైంది. హెచ్‌వీడీఎస్ అంటారు దాన్ని. అంతే శక్తికి 11 వేల వోల్టుల తీగలో పారే కరెంటు, 415 వోల్టుల తీగలో పారేదానిలో 26వ వంతు. తీగలో పోయే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక నష్టం ఎంత తగ్గుతుందో ఊహించుకోండి. కొత్త సర్వీసు అడిగేటప్పుడు పక్క రైతులతో కలిసి అడిగితే ఇలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వచ్చే అవకాశం ఎక్కువ.

4. దూరానికి తగిన వైరు వేయండి. అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, అందుకే కొంచెం ఆగి చెబుతాను. కాలువ నీళ్ళు చివరి మడికి చేరేసరికి ఎలా సన్నబడతాయో, వోల్టేజీ కూడా వైరు చివరికి అలాగే తగ్గుతుంది. 5 హెచ్‌పీ మోటారు సుమారు 8 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో ప్రతి 100 మీటర్లకు ఎనిమిది, తొమ్మిది వోల్టులు పోతాయి. పైన చెప్పిన 210, బోరులో దిగే 90 కలిపితే 300 మీటర్లు. అంటే పాతిక వోల్టులు దారిలోనే ఆవిరి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 380 ఉందంటే మోటారుకు అందేది 355. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 415 దగ్గర ఉండాల్సిన బలంలో 355కు నాలుగోవంతు పైగా పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. కింద వార్నిష్ మాడుతుంటే పైన పైపులో నీటిధార సన్నబడుతుంది.

అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరయితే 100 మీటర్లకు అయిదు వోల్టుల పైచిలుకు, 6 అయితే మూడున్నర చొప్పున పోతాయి. దుకాణంలో తేడా ఎక్కువే అనిపిస్తుంది. ఒక్క రీవైండింగ్ ఖర్చు, పొట్టదశలో నీరందక పోయిన దిగుబడి పక్కన పెట్టి చూస్తే అనిపించదు. అల్యూమినియం వైరు వేసుకుంటే తప్పేమీ లేదు గానీ రాగి లెక్కే దానికి వాడకండి. 2.5 రాగికి సమానం 4 అల్యూమినియం, 6 రాగికి సమానం 10 అల్యూమినియం. రాగినీ అల్యూమినియాన్నీ మామూలుగా మెలిపెట్టి అతికితే ఆ అతుకు తేమకు తినేసుకుపోతుంది. అక్కడ రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టరు వాడాలి.

కొత్త బోరుకు రెండు మూడు చోట్ల పాయింట్లు వచ్చాయనుకోండి, నీటి అవకాశం సమానంగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్నదే ఎంచుకోండి. నీళ్ళను దూరానికి పైపులో పంపడం, కరెంటును సన్న వైరులో పంపడం కంటే నమ్మకమైన పని. పీవీసీ పైపు పాతితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వైరును ఎలుక కొరుకుతుంది, గొర్రు లాగుతుంది, దొంగ కోసుకుపోతాడు.

5. వోల్టేజీ కొలిచే తీరిక చేసుకోండి. రెండు మూడు వందల్లో దొరికే మల్టీమీటరు చాలు. చేతికి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియనుతో కొలిపించండి. నిబంధన ప్రకారం మూడు ఫేజుల సరఫరా 415కు ఆరు శాతం అటూ ఇటూ, అంటే సుమారు 390 నుంచి 440 మధ్య ఉండాలి. పొద్దున్నే అందరూ మోటార్లు వేసుకున్న సమయంలో కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఫేజులను రెండేసి చొప్పున మూడు జతలూ కొలవండి. రెండు జతలు 400 చూపించి మూడోది 370 దగ్గర ఉంటే లైనులో ఫేజుల మీద భారం సమానంగా లేకపోవచ్చు. తేదీ, సమయం వేసి రాసి పెట్టుకుంటే విద్యుత్ సంస్థ ఏఈ దగ్గరకు వెళ్ళినప్పుడు ‘లో వోల్టేజీ సార్’ అన్న మాటకు బరువు వస్తుంది.

6. ఆటో స్టార్టర్ తీసేయండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పాముల మధ్య నడిచి వెళ్ళే బాధ తప్పించుకోవడానికి వచ్చిందది. అప్పట్లో దాన్ని తప్పు పట్టలేం. కానీ నేరుగా స్టార్టయ్యే మోటారు ఆ క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు మోటార్లకూ ఆటో స్టార్టర్లుంటే సరఫరా రాగానే నాలుగూ ఒకేసారి లేస్తాయి. 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద 150 నుంచి 180 దాకా పడుతుంది. ఫ్యూజులు కొట్టేస్తాయి, లేదా వోల్టేజీ కుప్పకూలి ఏ మోటారూ లేవలేక నాలుగూ మూలుగుతూ ఉండిపోతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు విద్యుత్ సంస్థలు ఊరూరా ఆటో స్టార్టర్లు తీయించే పనికి దిగింది ఇందుకే. రోజంతా కరెంటు ఉంటే మోటారు ఆగకుండా నడిచి బోరులో నీటిమట్టమూ పడిపోతుందన్న భయం దానికి తోడైంది.

ఆంధ్రప్రదేశ్‌లో 9 గంటల సరఫరా పద్ధతి ఉన్నచోట కరెంటు వచ్చే వేళ తెలిసిందే కాబట్టి ఆటో అవసరం ఇంకా తక్కువ. అయినా కావాలంటే టైమరు ఉన్న స్టార్టర్ కొనండి. ఒకరు ఒక నిమిషానికి, ఇంకొకరు మూడు నిమిషాలకు, మరొకరు అయిదుకు పెట్టుకుంటే సరి. చెరువు నీళ్ళకు వంతులు పెట్టుకున్న ఊళ్ళకు ఇదేం కొత్త ఒప్పందం కాదు. మొబైల్ నుంచి నడిపే స్టార్టర్లూ వస్తున్నాయి. వాటిలో నీరు లేకుండా మోటారు తిరిగితే ఆపేసే రక్షణ ఉందో లేదో చూసి తీసుకోండి. అది లేకపోతే ఇంట్లో మంచం మీద కూర్చునే మోటారును కాల్చుకోవచ్చు.

పెద్ద మోటార్లకు, మామూలుగా 7.5 హెచ్‌పీ దాటితే, స్టార్-డెల్టా స్టార్టర్ వాడండి. స్టార్టయ్యేటప్పుడు లైనులోంచి లాగే కరెంటు మూడోవంతుకు తగ్గుతుంది.

7. కెపాసిటర్ పెట్టించండి, మోటారు వైపే పెట్టించండి. 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2. ఉచిత విద్యుత్తు పొందే రైతులు చేయాల్సినవంటూ టారిఫ్ ఉత్తర్వుల్లో చెప్పిన నాలుగు పనుల్లో ఇదొకటి. మిగతా మూడూ ఐఎస్ఐ గుర్తున్న మోనోబ్లాక్ లేదా సబ్‌మెర్సిబుల్ పంపు, రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు. 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే 5 హెచ్‌పీ మోటారు లైను నుంచి లాగే కరెంటు ఒక ఆంపియరు పైనే తగ్గుతుంది. నలుగురూ పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగైదు ఆంపియర్ల బరువు దిగుతుంది. ఆ తగ్గుదల ట్రాన్స్‌ఫార్మర్‌కూ కెపాసిటర్‌కూ మధ్య ఉన్న తీగలోనే. అందుకే స్తంభం దగ్గర కాదు, స్టార్టర్ దగ్గర ఉండాలంటున్నది. కరెంటు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కాసేపు నిల్వ ఉంటుంది, వెంటనే చేయి పెట్టకండి.

8. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకో, లైనులో పని జరిగాకో మీ మోటారు నీళ్ళు సగమే పోస్తోందా? ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతోంది. స్విచ్చు కట్టేసి, ఎలక్ట్రీషియనుతో రెండు వైర్లు అటుదిటు మార్పిస్తే సరిపోతుంది. దీని కోసం బోరు పైపులన్నీ పైకి లాగించి వేలకు వేలు కూలి ఇచ్చినవాళ్ళున్నారు.

9. ఒక ఫేజు పోతే మోటారు ఆగేలా చూసుకోండి. సింగిల్ ఫేజింగ్ నివారిణి అనే చిన్న రిలే స్టార్టర్‌లోనే బిగించుకోవచ్చు. స్టార్టర్ దగ్గర చిన్న పైలట్ బల్బులు పెట్టుకోవడానికి వ్యవసాయ టారిఫే అనుమతిస్తుంది. మూడు ఫేజులకు మూడు పెట్టుకుంటే ఏ ఫేజు లేదో దూరం నుంచే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: పక్క మోటార్లు తిరుగుతున్నప్పుడు పోయిన ఫేజులోకి కూడా కొంత కరెంటు వెనక్కి వచ్చి బల్బు మసకగా వెలగవచ్చు. మసక బల్బును చూస్తే మోటారు వేయకండి.

సింగిల్ ఫేజు సరఫరా మాత్రమే ఉన్న సమయంలో కెపాసిటర్లు తగిలించి మూడు ఫేజుల మోటారును నడిపే విద్య మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. తెలివైన విద్యే, కాదనను. అయితే ఆ రెండు మూడు గంటల నీళ్ళకు మీ మోటారు ఆయుష్షు, ఒకే ఫేజు మీద పడిన బరువుతో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు కరిగిపోతాయి.

10. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కకండి. ఫ్యూజు పోయిందని లైన్‌మన్‌కు ఫోను చేస్తే రేపన్నాడని, వరి ఎండుతోందని, కట్టె పట్టుకుని వెళ్ళి, పై లైనును విడదీసే ఏబీ స్విచ్ దించి పైకెక్కి, ఇంటికి తిరిగి రాని రైతులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఏబీ స్విచ్ హ్యాండిల్ దించినంత మాత్రాన మూడు బ్లేడ్లూ విడిపోయాయని నమ్మకం లేదు. తుప్పు పట్టి ఒకటి అతుక్కునే ఉండవచ్చు, కింద నుంచి అది కంటికి ఆనదు. పైగా పక్క రైతు జనరేటరు వేసి ఉంటే కింది వైపు నుంచి కరెంటు వస్తుంది. పైకెక్కే పని లైన్‌మన్‌ది, ఆయన కూడా సరఫరా ఆపించి లైను క్లియర్ తీసుకున్నాకే ఎక్కాలి.

మీ స్టార్టర్ డబ్బాలోని ఫ్యూజు మాత్రం మీ పని. దానికి ఆ మోటారు ఆంపియర్లకు తగిన ఫ్యూజు తీగే వేయాలి. మళ్ళీ మళ్ళీ పోతోందని లైను తీగలోంచి ఒక అల్యూమినియం పోగు ఊడదీసి చుట్టేస్తుంటారు. ఫ్యూజు పోకపోతే దాని బదులు మోటారు పోతుంది.

11. ఎర్తు గుంత స్టార్టర్ పక్కనే తవ్వించండి. 38 మిల్లీమీటర్లకు తక్కువ కాని జీఐ పైపు, కనీసం రెండున్నర మీటర్ల పొడవు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్ళు పోయడానికి చిన్న గరాటు. మోటారు, స్టార్టర్ డబ్బా, ఇనుప బోరు పైపు మూడూ ఈ ఎర్తుకు కలపాలి. నల్లరేగడిలో తేమ నిలుస్తుంది కాబట్టి ఎర్తు బాగా పనిచేస్తుంది. ఎర్ర చెలకల్లో, అనంతపురం వైపు రాతి నేలల్లో ఎండాకాలం వచ్చేసరికి అది దాదాపు లేనట్టే. అలాంటిచోట రెండు గుంతలు తవ్వించి కలిపించండి, మధ్య దూరం పైపు పొడవు కంటే తక్కువ ఉండకూడదు. మార్చి నుంచి వారానికి రెండు బకెట్ల నీళ్ళు పోయండి. పంటకు పారే నీళ్ళలోంచి ఒక పిల్లకాలువ అటు మళ్ళిస్తే ఆ పని కూడా తప్పుతుంది.

12. పశువుల కొట్టం విషయంలో మరింత జాగ్రత్త. మనిషికి చిన్న జలదరింపుగా తెలిసే షాకు గేదెను చంపగలదు. దాని ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ, కాళ్ళకు చెప్పులుండవు, నిలబడేది మూత్రంతో తడిసిన నేల మీద. నేలలోకి కరెంటు దిగినచోట ఆ రెండు జతల కాళ్ళ మధ్య వోల్టేజీ తేడా ఏర్పడి గుండె మీదుగా పారుతుంది. అందువల్ల కొట్టానికి, కరెంటు నేలలోకి లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ వేరుగా పెట్టించండి. వైర్లు గొట్టాల్లో, పశువుల మూతికీ కొమ్ముకూ అందని ఎత్తున పోవాలి. ఇనుప స్తంభాలు, నీళ్ళతొట్టి పైపు, రేకుల కప్పు అన్నిటినీ ఒకే ఎర్తుకు కలపండి. గేదెలు ఉన్నట్టుండి తొట్టిలో నీళ్ళు తాగడం మానేసినా, పాలమిషను తగిలించగానే బెదిరినా, వైద్యుడితోపాటు ఎలక్ట్రీషియన్నీ పిలవండి.

స్తంభానికి, దాని స్టే వైరుకు పశువును కట్టేయడం, బట్టలు ఆరేయడం ఎప్పుడూ వద్దు.

13. తీగ పైన పోవాలా, కింద పోవాలా? పైన పోయేదయితే అసలు స్తంభాలే వేయండి. వేప కొమ్మలు, వెదురు కర్రల మీద లాగిన వైరు మొదటి గాలివానకే మడిలో పడుతుంది. దమ్ము చేసిన మడిలో, మోకాలిలోతు నీళ్ళలో ఆ వైరు కనిపించదు. నేలలో వేసేదయితే ఆర్మర్డ్ కేబుల్ తీసుకుని రెండున్నర అడుగుల లోతు తవ్వి, ఇసుక పరిచి, కేబుల్ వేసి, మళ్ళీ ఇసుక, దానిపైన ఇటుకలు పరిచి మట్టి కప్పండి. ఇటుక తగిలితే గునపం పట్టినవాడు ఆగుతాడు. మామూలు సర్వీసు వైరును ఉత్తి మట్టిలో పాతడం కంటే పాతకపోవడమే నయం. డ్రిప్పు లైనులకు తవ్వే కాలువల దారి, కేబుల్ దారి ఒకటి కాకుండా చూడండి.

14. లైన్ల కింద కొన్ని పనులు చేయకూడదు. గడ్డివాము వేయకూడదు. బోరు బండి నిలబెట్టకూడదు. స్ప్రింక్లర్ల అల్యూమినియం పైపులో ఉడుత దూరిందని నిలువుగా ఎత్తి దులపకూడదు, ఇది వినడానికి చిన్నదే గానీ ప్రాణాలు పోయిన పని. చెరకు ఆకు, వరికొయ్యలు తగలబెట్టకూడదు, మంట వేడికి తీగ మెత్తబడి తెగుతుంది. పొలంలో 11 కేవీ తీగకూ నేలకూ మధ్య కనీసం 4.6 మీటర్లు, అంటే 15 అడుగులు ఉండాలి. గట్టు మీద నిలబడితే చేతికందేలా వేలాడుతున్న తీగను ఫొటో తీసి ఏఈకి పంపండి. కట్టెతో కట్టి పైకెత్తే ప్రయత్నం మాత్రం వద్దు.

15. స్టార్టర్ డబ్బాకు గొడుగు కావాలి. తూర్పు, పడమర జల్లు కొట్టని వైపు తలుపు, నేలకు నాలుగైదడుగుల ఎత్తు, ముందు నిలబడటానికి ఎండు చెక్క పలక లేదా రబ్బరు మ్యాటు. చాలా ఇళ్ళలో పొద్దున్నే మోటారు వేసి వచ్చేది ఆడవాళ్ళు. తడి కాళ్ళతో, ఇనుప డబ్బా ముందు. అందువల్ల ఇనుప డబ్బా బదులు ఫైబరుది పెట్టించండి, ఎత్తు వాళ్ళకు అందేలా పెట్టండి. చీమలు, బల్లులు వెచ్చదనానికి లోపల చేరి కాంటాక్టుల మధ్య నలిగి చస్తాయి. మోటారు మొరాయించే కారణాల్లో ఇది ఎంత మామూలో మెకానిక్కును అడిగితే చెబుతాడు. వైర్లు దూరే కన్నాలు మూసేసి, లోపల రెండు కలరా ఉండలు వేయండి.

16. ఇంటికి, కొట్టానికి వేరే సర్వీసు తీసుకోండి. వ్యవసాయ సర్వీసు ఐదో కేటగిరీ, పంపు కోసమే. దాని మీద ఇంట్లో ఫ్యాను, పిండిమర, కోళ్ళ షెడ్డు నడిపితే తనిఖీలో దొరికినప్పుడు కట్టే జరిమానా ఏళ్ళ బిల్లు కంటే ఎక్కువవుతుంది.

17. జనరేటరు ఉంటే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లేకుండా జనరేటరు వేస్తే మీ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్ళి 11 వేల వోల్టులై స్తంభం మీదున్న లైన్‌మన్‌ను పడేస్తుంది. కోళ్ళ షెడ్లకు, భీమవరం వైపు చెరువులకు ఇది మరీ ముఖ్యం. తెల్లవారుజామున ఏరియేటర్లు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్య పోతుంది కనుక అక్కడ జనరేటరు లేనివారుండరు. ఉప్పునీటి గట్ల మీద కేబుళ్ళు నేల మీద పరిచేయడం మాత్రం మానాలి. ప్రతి ఏరియేటరుకూ వేరే స్విచ్చు, మొత్తానికి ఈఎల్‌సీబీ ఉండాలి. చెరువులోకి దిగే ముందు స్విచ్చు తీయాలి.

18. అడవిపందుల కంచెకు ఇంటి కరెంటు ఇవ్వకండి. అది నేరం. పంది కంటే ముందు పక్క చేను రైతో, మీ ఇంటి మనిషో పోతున్నారు. సోలార్ కంచె యంత్రం సెకనుకొకసారి అతి తక్కువ సేపు కొట్టే దెబ్బ ఇస్తుంది. జంతువు బెదురుతుంది, చావదు. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం గట్టుపంటగా వేసేవారూ, పాత చీరలు కట్టేవారూ ఉన్నారు. వాటికి వైరే అక్కర్లేదు.

19. లైను చాలా దూరమైతే సోలారు లెక్క వేయండి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో కరెంటు లైను లేనిచోట 7.5 హెచ్‌పీ దాకా సోలారు పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇవ్వాలని, మిగతాది రైతు భరించాలని నిబంధన. 5 హెచ్‌పీకి దాదాపు 5 కిలోవాట్ల పలకలు కావాలి. తాటిచెట్టు నీడ ఒక పలక మీద పడినా వరుస మొత్తం నీరసిస్తుంది కాబట్టి చోటు ఎంచేటప్పుడు పొద్దుటి నీడ, సాయంత్రపు నీడ రెండూ చూడండి.

20. షాకు కొట్టినప్పుడు ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ నేర్పండి. ముట్టుకోవద్దు. ముందు స్విచ్చు కట్టేయాలి. అందకపోతే ఎండిన కర్రతో వైరును తొలగించాలి. పచ్చి కొమ్మ, తడి తువ్వాలు పనికిరావు. ఇదంతా ఇంటి సరఫరాకు, మోటారు సరఫరాకు మాత్రమే. 11 కేవీ తీగ తెగి పడితే కర్ర కూడా రక్షించదు, దూరం జరిగి సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను ఆపించాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకూడదు. మట్టిలో పాతిపెడితే కరెంటు దిగుతుందన్న నమ్మకం ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉంది. గుండెను మళ్ళీ నడిపించాల్సిన ఆ నాలుగైదు నిమిషాలూ గుంత తవ్వడానికే అయిపోతాయి.

21. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం, ఆలస్యమైతే పరిహారం అడిగే హక్కూ ఉంది. కాలినదాన్ని దించి, ట్రాక్టరు మాట్లాడుకుని, తలా ఇంత చందా వేసుకుని రిపేరు సెంటరుకు మోసుకెళ్ళడం రైతు బాధ్యతేమీ కాదు, ఏళ్ళుగా అలవాటైపోయిందంతే. తప్పక మోసుకెళ్ళాల్సి వస్తే ఎక్కించేటప్పుడు ఫొటో తీసుకోండి, ట్రాక్టరు కిరాయికి రసీదు రాయించుకోండి, ఫిర్యాదు నంబరుతోపాటు ఏఈ ఆఫీసులో ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి.